పగుల్లేని ఇనుము

ట్రాక్టరు కొన్న పదకొండో రోజు పొద్దున్నే మిషనక్క దాని క్రాంకుని పాత దుప్పటి ముక్కలో చుట్టి గుడ్డసంచిలో పెట్టుకుంది. షెడ్డుకి తాళం వేసి, సంచి భుజాన తగిలించుకుని, పానా బాబాయి వర్క్‌షాపు వైపు నడిచింది.

ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో మనకి తెలిసిందే. మిల్లు మూతపడింది. ఇరవై రెండేళ్ళు అందులో కుట్టుమిషన్లు బాగుచేసి, ఆ పని వల్లే మిషనక్క అని పేరు తెచ్చుకున్న మనిషిని ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. కూతురి దగ్గరికెళ్ళి హాయిగా కూర్చోవచ్చుగా అని తెలిసినవాళ్ళందరూ సలహా ఇచ్చారు. ఆమె చెవిన వేసుకోలేదు. ఇంటి వెనక సందు దాటితే ఉన్న రెండెకరాల నిమ్మతోటని కౌలుకి తీసుకుంది. చెట్ల వరసల మధ్య ఖాళీగా పడున్న నేలని వానల్లోపు దున్ని కూరగాయలు వేస్తానంది. ఆ ఇరుకులో పెద్ద ట్రాక్టరు తిరగదు. అందుకే డ్రాయింగు మాస్టారి పెరట్లో తొమ్మిదేళ్ళుగా పట్టా కప్పుకుని పడున్న చిన్న తోట ట్రాక్టరుని కొని, నలుగురి చేత తోయించుకుంటూ ఇంటికి తెచ్చుకుంది.

పానా బాబాయి వచ్చి చూశాడు. పిస్టను పైకీ కిందికీ ఎగురుతుంటే ఆ ఎగురుడుని తిరుగుడుగా మార్చే వంకర కడ్డీ ఒకటి ఇంజిన్ అడుగున ఉంటుంది. అదే క్రాంకు. ఆయన లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమి, "క్రాంకు పగిలింది చెల్లెమ్మా. ఈ మోడలుకి ఇప్పుడు దొరకదు. పాతసామాన్లవాడికి ఇచ్చెయ్" అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆమె ఇంజిన్ మొత్తం విప్పింది. క్రాంకుని కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి చల్లింది. పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు బయటికొచ్చి సుద్ద మీద సన్నటి తడి గీత గీస్తుంది. మిల్లులో మిషన్ల ఇరుసులని అలాగే పరీక్ష చేసేది. ఎంతసేపు చూసినా గీత పడలేదు. కిందటివారం మనం ఆమెని వదిలిపెట్టింది అక్కడే. ఒళ్ళో క్రాంకు, వేళ్ళనిండా సుద్ద. ముప్ఫై ఏళ్ళుగా ఇంజిన్లతో బతుకుతున్న మనిషికి లేని పగులు ఎలా కనబడిందన్నది ఆమెకి అంతుపట్టలేదు.

*

పానా బాబాయి వర్క్‌షాపు అంటే రోడ్డువారగా ఒక రేకుల కప్పు, దాని కింద నూనె తాగీ తాగీ నల్లబడిన నేల. వెనక గోడనిండా మేకులకి పానాలు వేలాడుతుంటాయి. ఒక్కోదాని వెనక తెల్ల పెయింటుతో దాని ఆకారమే గీసి ఉంటుంది. ఏ పానా కనబడకపోయినా ఆయన ఆ తెల్లబొమ్మ చూసి ఇల్లెగిరిపోయేలా కేకలేస్తాడు. ఆ పేరు అలా వచ్చింది.

ఆమె వెళ్ళేసరికి ఆయన ఒక పాలవ్యాను ముందు వంగి ఉన్నాడు. వ్యాను డ్రైవరు పక్కన నిలబడి ఆవలిస్తున్నాడు. స్కూటరు రిపేరుకిచ్చిన బడి గుమాస్తా బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"రా చెల్లెమ్మా. పాతసామాన్లవాడు వచ్చాడా?"

"రాలేదన్నయ్యా. నేను పిలవలేదు."

ఆమె సంచి బల్ల మీద పెట్టి దుప్పటి విప్పింది. క్రాంకు వెండిలా మెరిసింది. పానా బాబాయి చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

"విప్పేశావా!"

"విప్పాను. పగులెక్కడుందో చూపించండి. చూపిస్తే మీకు దండం పెట్టి, ఇటునుంచి ఇటే పాతసామాన్ల కొట్టుకి పోతాను."

ఆయన క్రాంకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అది కంటికి కనబడే పగులు కాదమ్మా. లోపల వెంట్రుకంత ఉంటుంది."

"సుద్ద వేసి చూశాను."

"సుద్దకి కూడా ఒక్కోసారి..."

"సరే. కంటికి కనబడదు, సుద్దకి చిక్కదు. చెవికి వినబడాలి కదా?"

గోడకున్న తీగచుట్టలోంచి మూరెడు తెంపి, క్రాంకు మెడకి మెలిపెట్టి, కప్పుకింద ఇంజిన్లు ఎత్తే కొక్కేనికి దాన్ని వేలాడదీసింది. బల్ల మీదున్న చిన్న సుత్తి తీసి ఆయన చేతికిచ్చింది.

"కొట్టండి."

"ఇప్పుడెందుకమ్మా, వ్యాను పని..."

"మీరు కొడతారా, వ్యాను తమ్ముణ్ణి కొట్టమననా?"

"నన్నెందుకక్కా మధ్యలోకి లాగుతావ్" అంటూనే డ్రైవరు రెండడుగులు దగ్గరికి జరిగాడు. అతని ఆవలింత ఎప్పుడో పోయింది. గుమాస్తా పేపరు మడిచాడు.

పానా బాబాయి సుత్తితో క్రాంకుని అంటీ అంటనట్టు తాకించాడు.

"పసిపిల్లకి బుగ్గ గిల్లినట్టు కాదన్నయ్యా. ఇంజిన్లు కొట్టే చెయ్యి అది. కొట్టండి."

ఈసారి కొట్టాడు. ఖంగుమంది. ఆ మోత రేకుల కప్పుకి తగిలి, సన్నబడి, చాలాసేపటిదాకా గాల్లో సాగుతూనే ఉంది.

"బడి గంటలా మోగిందే!" అన్నాడు గుమాస్తా.

"పగిలిన ఇనుము ఇలా పలుకుతుందా అన్నయ్యా?" మిషనక్క గొంతు పెంచలేదు. "మీ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా పలికిందా? పగిలిందైతే బీటకుండలా బొంగురుగా పలకదూ?"

ఆయన సుత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"మా ఆయన ఉన్నప్పుడు మీరిద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళు. ఆయన పోయాక నన్ను చెల్లెమ్మా అన్నారు. ఆ చెల్లెమ్మని పట్టుకుని నిక్షేపంలాంటి ఇనుముని చెత్తలో పారెయ్యమన్నారు. ఎందుకో చెప్పందే నేను ఇక్కణ్ణుంచి కదలను." పక్కన పడున్న టైరు మీద కూర్చుని చీర కొంగు నడుముకి బిగించింది. "మీ పని మీరు చేసుకోండి. నాకు తొందరేం లేదు. మిల్లు కూడా లేదుగా."

డ్రైవరు నవ్వబోయి, పానా బాబాయి మొహం చూసి మానుకున్నాడు. ఆయన మొహం గోడకి కొట్టిన సున్నంలా ఉంది. సుత్తి బల్ల మీద పెట్టి, "లోపలికి రా చెల్లెమ్మా" అన్నాడు.

లోపల అంటే సామాన్ల గది. మనిషి తిరగడానికి చోటు లేదు. అట్టపెట్టెల మధ్య నిలబడి, ఆయన నేలవైపు చూస్తూ చెప్పాడు.

"మీ పాప వచ్చింది. నువ్వు బండి తెచ్చిన మర్నాడే. ఆసుపత్రిలో డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే, ఆ తెల్లబట్టలతోనే వచ్చింది. మా అమ్మ బండి బాగుపడదని చెప్పు బాబాయ్ అంది. నేను కుదరదన్నాను. నా చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది."

మిషనక్క అట్టపెట్టె అంచు పట్టుకుంది. తోట కౌలుకిచ్చిన ఆసామి అడ్డు చెప్పి ఉంటాడనుకుంది. కిరాయి ట్రాక్టర్లవాళ్ళు మెకానిక్కుని పట్టుకుని ఉంటారనుకుంది. దారిపొడుగునా ఎవరెవర్నో అనుమానించి, ఒక్కొక్కరికీ ఏం సమాధానం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ వచ్చింది. కూతురి కోసం ఒక్క మాట కూడా కూర్చుకోలేదు.

"ఒట్టు వేశారా?"

"వేశాను. ఆ పిల్ల మొహం చూసి నిజం చెప్పబుద్ధి కాలేదు చెల్లెమ్మా."

"నా మొహం చూసి అబద్ధం చెప్పబుద్ధయింది."

ఆయన తల ఇంకా కిందికి వాలింది. ఆమె అట్టపెట్టె అంచు వదిలేసి, మామూలు గొంతుతో అడిగింది. "పిస్టన్ రింగులు ఒక జత కావాలి. హెడ్డు కింద వేసే గాస్కెట్టు చిరిగింది. దొరకవని మాత్రం అనకండి."

"రింగులు నా దగ్గరే ఉన్నాయి. గాస్కెట్టు షీటు తెచ్చి కోసిస్తాను. రేపొచ్చి నేనే బిగించి..."

"వద్దు. బిగించేది నేను. మీరు చెయ్యి పెట్టొద్దు."

*

మూడు రోజులు ఆమె షెడ్డులోంచి సరిగ్గా బయటికి రాలేదు. అసలు జబ్బేమిటో మొదటిరోజే దొరికింది. తొమ్మిదేళ్ళ తేమకి ఒక వాల్వు తుప్పుపట్టి దాని గొట్టంలో బిగుసుకుపోయింది. రింగులు పిస్టనుకి అతుక్కుపోయాయి. కార్బురేటరులో పెట్రోలు ఎండిపోయి జిగురులా తయారైంది. ప్రాణం తీసే జబ్బేదీ లేదు. వాల్వుకి నూనె పట్టించి, కొయ్యసుత్తితో కొంచెం కొంచెంగా తట్టి, రోజంతా బతిమాలి బయటికి తీసింది. కుట్టుమిషన్ల సూదులు మార్చిన వేళ్ళకి కార్బురేటరు రంధ్రాలు పెద్ద లెక్కలోకి రాలేదు. సన్నటి రాగితీగతో ఒక్కో రంధ్రం పొడిచి, దీపానికెదురుగా పెట్టి, అటువైపు వెలుతురు కనబడేదాకా వదల్లేదు.

చేతులు పనిచేస్తుంటే మనసు మాత్రం కూతురితో పోట్లాడుతూనే ఉంది. పాప వారం సెలవు ఆదివారం. ఫోను చేసి అడగొచ్చు. కానీ ఫోనులో అడిగితే పాప ఏడుస్తుంది, తను మెత్తబడుతుంది, మాట అక్కడే ఆగిపోతుంది. రానీ అనుకుంది.

ఆదివారం పొద్దున పానా బాబాయి గాస్కెట్టు కోసుకుని వచ్చాడు. చెయ్యి పెట్టొద్దంది కాబట్టి షెడ్డు మూల పీట మీద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె హెడ్డు బిగిస్తుంటే రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. మూడోసారి ఆగలేక, "బోల్టులు మూలకి మూల బిగించాలి చెల్లెమ్మా, వరసగా కాదు" అన్నాడు.

"తెలుసు."

"తెలుసనుకో. ఊరికే అన్నాను."

ఇద్దరూ కలిసి ట్రాక్టరుని షెడ్డు ముందున్న సిమెంటు అరుగు మీదికి తోశారు. అరుగు ఎత్తు మీద నుంచి చూస్తే ముందు సందు, సందుకి అవతల తోట గోడ, గోడ మీదుగా నిమ్మచెట్ల తలలు కనిపిస్తాయి. అప్పుడే సందు మలుపులో పాప కనబడింది. చేతిలో పళ్ళ సంచి. ఇరవై ఆరేళ్ళొచ్చినా తండ్రిలాగే ఒక భుజం కిందికి వాల్చి నడుస్తుంది.

ఇంజిన్ మొత్తం అమర్చి ఉన్న ట్రాక్టరుని చూసింది. పక్కన తల వంచుకుని నిలబడ్డ బాబాయిని చూసింది. పళ్ళ సంచి అరుగు మీద పెట్టేసింది.

"చెప్పేశావా బాబాయ్?"

"ఆయన చెప్పలేదు. క్రాంకు చెప్పింది" అంది మిషనక్క. చేతులు గుడ్డకి తుడుచుకుంటోంది. "ఒట్టు ఆయన చేత వేయించావ్. ఇనుము చేత వేయించలేకపోయావ్."

"అమ్మా..."

"నాకు చెప్పొచ్చుగా పాపా! వద్దమ్మా, నాకు భయంగా ఉందమ్మా అని. నీకు నోరు లేదా?"

"చెబితే వింటావా?" పాప గొంతు ఒక్కసారిగా లేచింది. "మిల్లు మూశారు, నా దగ్గరికి రమ్మన్నాను, విన్నావా? తోట వద్దన్నాను, విన్నావా? ఎప్పుడు విన్నావు నువ్వు? ట్రాక్టరు కొంటానంటే నాకు చెప్పావా? కొన్నాక చెప్పావు. చీర కొన్నట్టు చెప్పావు!"

"నా బతుకు నేను కొనుక్కున్నాను. అందుకే అలా చెప్పాను."

"ఆ రోజు నువ్వు చూడలేదమ్మా!"

పానా బాబాయి మొహం తిప్పుకున్నాడు.

"నువ్వు మిల్లులో ఉన్నావు. వాళ్ళు గేటు తీసి పంపితే నువ్వొచ్చేసరికి అంతా దుప్పటి కప్పేశారు. నేను నాన్నకి క్యారియర్ ఇద్దామని వెళ్ళాను. కట్ట మీద నుంచి ట్రాక్టరు తిరగబడటం నేను చూశాను. చక్రం కింద నుంచి నాన్నని తియ్యడం నేను చూశాను. నాకు పద్నాలుగేళ్ళు. ఇప్పటికీ ఆసుపత్రికి ట్రాక్టరు కేసు వస్తే పక్కవాళ్ళని పంపిస్తాను. నువ్వు ఆ సీటెక్కి కూర్చుంటానంటే నేను ఎలా నిద్రపోవాలి? చెప్పు. ఎలా నిద్రపోవాలి?"

ఈ మాటలు పన్నెండేళ్ళలో పాప ఎన్నడూ అనలేదు. దగ్గరికి తీసుకోవాలని మిషనక్క చెయ్యి లేచింది. చేతినిండా నల్లటి నూనె. ఆ చెయ్యి మళ్ళీ దించుకుంది.

"నేను చూడలేదు. నిజమే" అంది చివరికి. "చూడని మనిషిని కాబట్టి నాకు భయం లేదనుకుంటున్నావా? మీ నాన్న పోయిన పన్నెండో రోజున నేను మిల్లుకి వెళ్ళాను. గుర్తుందా? మిషన్ల మోత వింటే ఒళ్ళంతా వణుకు. ప్రతి మోతా ఆ ట్రాక్టరులాగే వినబడేది. కళ్ళనీళ్ళు కారుతూనే పానా పట్టాను. ఆ రోజు నన్ను ఎవరైనా దొంగతనంగా ఆపి ఉంటే, నువ్వు నర్సువి అయ్యేదానివా?"

పాప పెదవి కొరుక్కుంది.

"మూడొందల మిషన్లు పాపా. ఇరవై రెండేళ్ళు. నేను బాగుచేసి లేవడం, ఇంకొకరు వచ్చి కూర్చుని కుట్టడం. ఒక్కదాని మీదైనా నేను కూర్చుని నాకోసం ఒక్క గుడ్డ కుట్టుకోలేదు. ఇది నాది. ఎవడో పారేస్తే తెచ్చుకున్నాను, నా చేత్తో లేపాను. నీ భయం తప్పనను. దాన్ని నాకు తాళం వెయ్యడానికి వాడితే మాత్రం ఊరుకోను. ఎదురుగా నిలబడి పోట్లాడు, పడతాను. వెనకనుంచి కాళ్ళకి తాడు కట్టకు. నేను నీకు అమ్మనే, ఇంకా చావలేదు, పిచ్చీ పట్టలేదు."

పాప ఏదో అనబోయింది. తోట గోడవైపు ఒకసారి చూసి ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని, "సరే, నడుపు. తిరగబడితే?" అంది మొండిగా.

"ఇటు రా. చూపిస్తాను."

ఆమె సీటు ఎత్తి కింద ఉన్న చిన్న స్విచ్చు చూపించింది. దాన్నుంచి కొత్త ఎర్ర వైరొకటి ఇంజిన్‌లోకి వెళ్తోంది. "సీటు మీద మనిషి బరువుంటేనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. మనిషి పడినా, లేచినా, ఇంజిన్ అక్కడికక్కడే చస్తుంది. వెనకాల నేల దున్నే బ్లేళ్ళు కూడా దాంతోపాటే ఆగిపోతాయి. చిరాకని ఎవరో వైరు తెంపేశారు. నేను కలిపాను. ఇది మీ నాన్న నడిపిన రాకాసి కాదు. నీ నడుమంత ఎత్తుంటుంది. మన తోటలో కట్టల్లేవు, పల్లంలేదు. అయినా వాలు మీద ఎక్కించనని నీకు మాటిస్తున్నాను. బాబాయి చేత ఒట్టు వేయించినట్టు కాదు, నేనే ఇస్తున్నాను."

పాప వంగి ఆ స్విచ్చుని వేలితో నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. ఆసుపత్రిలో మందు లెక్క చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

"ఇది పనిచేస్తుందని ఏంటి నమ్మకం?"

"ఇంజిన్ మోగితే తెలుస్తుంది. ఇంకా మోగలేదు."

మోగించడంలోనే చిక్కు వచ్చింది. సెల్ఫ్ మోటారు కాలిపోయి ఉంది. కప్పీకి తాడు చుట్టి లాగాలి. తాడు లాగేవాళ్ళు కింద నిలబడాలి. సీటు మీద బరువు లేకపోతే నిప్పురవ్వ పుట్టదు.

"నువ్వు కూర్చో చెల్లెమ్మా, తాడు నేను లాగుతాను" అన్నాడు పానా బాబాయి ఆశగా.

"నా ఇంజినుకి మొదటి తాడు నేనే లాగుతాను. మీరు కూర్చోవద్దు, ఆ సీటు మీ బరువు మొయ్యదు." ఆమె చుట్టూ చూసి షెడ్డు గోడకి ఆనించి ఉన్న ఎరువు బస్తా వైపు నడిచింది. "దీన్ని ఎత్తి సీటు మీద వేస్తే సరిపోతుంది."

బస్తా చెవులు పట్టుకోబోతుంటే వెనకనుంచి పాప గొంతు వినబడింది.

"ఎరువు బస్తా కన్నా పనికిరానిదాన్నా నేను?"

మిషనక్క వెనక్కి తిరిగింది. పాప చెప్పులు విడిచేసింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. స్టీరింగు పట్టుకుని, ఒక కాలు ఎత్తి, ట్రాక్టరు ఎక్కి కూర్చుంది.

"పాపా, నువ్వు ఎక్కనక్కర్లేదు. నేను నిన్ను ఎక్కమనలేదు."

"నువ్వు ఎక్కమంటే ఎక్కేదాన్ని కాదు" అంది పాప. "లాగు. నా ధైర్యం ఎంతసేపుంటుందో నాకే తెలీదు."

పానా బాబాయి ఒక్క అంగలో వచ్చి గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూశాడు. ఈసారి మిషనక్క అభ్యంతరం చెప్పలేదు.

మొదటిసారి లాగితే ఇంజిన్ ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. రెండోసారి నల్లటి పొగ ఊదింది. పాప కళ్ళు గట్టిగా మూసుకుంది, దిగలేదు. మిషనక్క చోక్ కొద్దిగా తెరిచి, తాడు మళ్ళీ చుట్టి, ఒక కాలు చక్రం పక్కన తన్నిపెట్టి, నడుము మొత్తం వెనక్కి వేసి లాగింది.

ఇంజిన్ అందుకుంది. ముందు తడబడుతూ, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఆగిపోతుందేమోనన్నట్టు కొట్టుకుంది. ఆ తర్వాత దారిలో పడింది. అరుగు అదిరింది. పక్కన పెట్టిన పానాలు గలగలలాడాయి. పొగ గొట్టంలోంచి తొమ్మిదేళ్ళ తుప్పు గుప్పున ఎగిరి పానా బాబాయి చొక్కా మీద పడింది. ఆయన దులుపుకోలేదు. "బతికింది! బతికింది చెల్లెమ్మా!" అని అరుస్తున్నాడు. ఆ మోతలో పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడలేదు.

మిషనక్క చేతిలో తాడు అలాగే ఉంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆమెకి తెలీలేదు. కూతురివైపు చూసింది. పాప ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది తెరిచింది. స్టీరింగు మీద బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. భుజాలు కిందికి దిగాయి. సీటు మీద కొంచెం ఎగిరెగిరి పడుతూ, చిన్నప్పుడు తండ్రి సైకిలు ముందు కూర్చుని నవ్వినట్టు, నోరంతా తెరిచి నవ్వింది. పన్నెండేళ్ళుగా మిషనక్క చూడని నవ్వు అది.

అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

పాప చూపు తల్లి తలమీదుగా సందు దాటి, తోట గోడ దాటి వెళ్ళి నిలిచింది. మిషనక్క వెనక్కి తిరిగింది. గోడ మీదుగా కనబడే నిమ్మచెట్ల తలల్లో ఒకటి గాలి లేకుండానే ఊగుతోంది. ఒక పక్కకి ఒరిగింది. ఎవరో కిందనుంచి లాగేసినట్టు గోడ వెనక మాయమైపోయింది. దాని పక్కది ఊగడం మొదలుపెట్టింది. చెట్ల మధ్య ఎర్రటి పెద్ద ట్రాక్టరు బోనెట్టు, దాని వెనక లేస్తున్న దుమ్ము కనిపించాయి.

"అది నా తోట" అంది మిషనక్క. అరవలేదు. అరిచినా వినబడేది కాదు. చేతిలో తాడు కింద పడేసి అరుగు దిగింది.

ఇంజిన్ టక్కున ఆగింది. పాప సీటు దిగి తల్లి దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఇప్పుడు గోడ అవతలి మోత, వేళ్ళు తెగే చప్పుడు స్పష్టంగా వినబడుతున్నాయి.

"అమ్మా, వెళ్ళకు. ముందు నా మాట విను. బాబాయి దగ్గరికే కాదు. నేను ఆసామి దగ్గరికి కూడా వెళ్ళాను. మా అమ్మ తోట వదిలేస్తోంది, కౌలు రద్దు చెయ్యమన్నాను. కాగితం కావాలన్నాడు. రాసిచ్చాను. చెట్లు పీకేస్తాడని నాకు తెలీదమ్మా, ఒట్టు, తెలీదు..."

"కాగితం మీద సంతకం ఉండాలి కదా."

"ఉంది."

"ఎవరిది?"

"నీది. నేనే పెట్టాను" అంది పాప. గోడ అవతల ఇంకో చెట్టు కూలింది. మిషనక్క కూతుర్ని భుజం పట్టుకుని పక్కకి జరిపి, ఆ మోతవైపు నడిచింది.